వేళకు రావలసిన నది

రైళ్లు ఆలస్యంగా నడుస్తాయన్న అపవాదును మా రైల్వే ఒక్క ఉత్తర్వుతో తుడిచేసింది. "వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఏ రైలూ ఆలస్యంగా రాదు" అని ప్రతి స్టేషన్లోనూ బోర్డు పెట్టారు. అలాగే జరిగింది. ఆ తేదీ తర్వాత ఆ దేశంలో ఒక్క రైలు కూడా ఆలస్యంగా రాలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. స్వయంగా ప్రయాణం చేసినవాణ్ణి.

ఆ దేశం పేరు చెప్పను. చాలా ఏళ్లు నాకు అన్నం పెట్టింది. ఆఫ్రికా ఖండంలో దక్షిణాన, సముద్రం తగలని దేశమని మాత్రం చెబుతాను. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో నేను భూగోళం చెప్పేవాణ్ణి. ఏ ఊరు ఎక్కడుందో పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. మొదటి తేదీ నుంచి ఆ బాధ్యతలో కొంత రైల్వే తీసుకుంది.

అంతకుముందు మా రైలు బయలుదేరిందంటే ఎప్పుడో ఒకప్పుడు చేరేది. జనం దుప్పట్లు, ఎండు చేపలు, ఉడికించిన వేరుశనగలు, కాళ్లు కట్టిన కోళ్లు పట్టుకుని ఎక్కేవారు. ఆగిన చోటల్లా ఆడవాళ్లు ఎనామిల్ బేసిన్లు తలమీద పెట్టుకుని కిటికీల దగ్గరకు వచ్చి టమాటాలు, కాల్చిన మొక్కజొన్న కండెలు అమ్మేవారు. రైలు ఎంత ఎక్కువసేపు ఆగితే వాళ్లకు అంత మంచిది. ఎవరూ ఫిర్యాదు చేసినట్టు నాకు గుర్తు లేదు. ఫిర్యాదు లేకపోవడమే వెనకబాటుతనానికి గుర్తని, ఒక చల్లని దేశం నుంచి వచ్చిన నిపుణుల బృందం కనిపెట్టింది.

వాళ్లు మా రైళ్లను చాలాకాలం పరిశీలించారు. ఎక్కలేదు, పరిశీలించారు. రైళ్లలో లోపం లేదని తేల్చారు. పట్టాలలో ఉంది గానీ దాన్ని సరిచేయాలంటే ఖర్చవుతుంది. అసలు లోపం స్టేషన్లది. కాలపట్టిక ప్రకారం వేళయ్యేసరికి రైలు ఒకచోట ఉంటున్నది, స్టేషను మరోచోట ఉంటున్నది. రైలు బరువు. స్టేషను బోర్డు తేలిక. రెండింటిలో ఏది కదపాలో చెప్పడానికి నిపుణులు కావలసి వచ్చింది.

కాబట్టి ప్రతి రైలుకూ వెనక ఒక పెట్టె తగిలించారు. ఆ దారిలో ఉన్న స్టేషన్లన్నీ అందులోనే ఉంటాయి. బోర్డులు, ఒక గంట, ఒక బెంచీ, రాళ్లకు వేయడానికి కాస్త సున్నం. వేళ కాగానే రైలు ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. బోర్డు పాతుతారు, గంట కొడతారు, స్టేషను వచ్చేస్తుంది. ఇదంతా చేయడానికి పట్టే సమయం వల్ల రైలు మరింత వెనకబడేది. అయితే అది ఆలస్యం కిందికి రాదు. రైలు ఆలస్యమే కానప్పుడు మరింత ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది?

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. తప్పుతారనుకున్న పిల్లలను పరీక్ష దరిదాపులకు రానివ్వకుండా నూటికి నూరు శాతం ఫలితాలు సాధించిన బడిలో పనిచేసి ఆ దేశం వెళ్లినవాణ్ణి. ఆ ఏడాది మా హెడ్మాస్టరు గారికి శాలువా కప్పారు. సూత్రం ఒకటే.

మామూలుగా అయితే నాకు ఆ రోజుల్లో రైలెక్కే పని లేదు. నా భార్య సీతారత్నం పోయింది.

ఆవిడది గోదావరి ఒడ్డు. రైలు వంతెన మీదికి రాగానే చిల్లర నాణెం నీళ్లలోకి వేసి దండం పెట్టుకోవడం ఆ వైపు వాళ్లకు అలవాటు. ఆ దేశంలోనూ పెద్ద నది ఒకటుంది. అక్కడివాళ్లు దాన్ని ఊరికే పెద్దనీరు అంటారు. సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆ వంతెన రాగానే ఈవిడ కిటికీ దగ్గరకు జరిగి నాణెం వేసేది. "ఇది గోదావరి కాదు" అని నేనంటే, "ఆ సంగతి దానికి తెలుసులెండి" అనేది. పెట్టెలో వాళ్లు ఎందుకని అడిగితే చెప్పింది. కొన్నేళ్లకు వంతెన రాగానే పెట్టెలో సగం మంది జేబులు తడుముకునేవారు.

ఆస్పత్రిలో ఒకనాడు, "నన్ను గోదావరి దాకా ఎక్కడ మోస్తారు? ఇన్నేళ్లూ ఆ పెద్దనీటికి డబ్బులేశాను. నన్ను కాదంటుందా?" అంది. నేను సరేనన్నాను.

రాగి చెంబుకు తెల్లగుడ్డ వాసెన కట్టి స్టేషనుకు బయలుదేరాను. ఆ నదికి మరో దారి లేదు. ఒడ్డు పొడవునా అభయారణ్యం. నీళ్ల దాకా వెళ్లడానికి ఏనుగులకు తప్ప అనుమతి లేదు. ఉన్నది వంతెన ఒక్కటే, వంతెన మీద నడిచేది రైలు ఒక్కటే. నాతో సీతారత్నం తమ్ముడు గున్నేశ్వరరావు వచ్చాడు. అదే దేశంలో పంచదార ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. వేళ ప్రకారం జరిగే పని ఏదైనా అతనికి దైవంతో సమానం. మేం చాలా ముందుగా స్టేషను చేరాం. అది సీతారత్నం పద్ధతి. "రైలు ఆలస్యంగా రావడం దాని ఇష్టం. మనం ఆలస్యం కాకూడదు" అనేది.

స్టేషన్లో మా సంగతి విని సమయపాలనాధికారి ముదెండా గారి దగ్గరకు పంపారు. ఇత్తడి బొత్తాల కోటు, మెడలో ఈల, రెండు చేతులకూ రెండు గడియారాలు. ఒకటి వేళ చూడటానికి, రెండోది మొదటిదాన్ని తనిఖీ చేయడానికి. మా రైలుతో పాటు ఆయనా వస్తున్నారు.

"వంతెన మీద రైలు కాసేపు ఆపితే, మా ఆవిడ అస్థికలు నదిలో కలుపుకుంటాను," అన్నాను.

"మీ విషాదమునందు రైల్వే యంత్రాంగము సముచిత స్థాయిలో పాలుపంచుకొనుచున్నది," అన్నారు ముదెండా గారు. "అయితే వంతెనపై రైలు ఆగదు. అదియునుగాక, వంతెన దాటు సమయమందు ప్రయాణికుడెవరును ఏ వస్తువునూ నదిలోనికి జారవిడువరాదు. కిటికీలు మూయించబడును."

"కిటికీలు మూయడం ఎప్పట్నించండీ?" అన్నాడు గున్నేశ్వరరావు.

"నాణెముల బెడద పెచ్చుపెరిగినప్పటి నుంచి. ఎవరో విదేశీ మహిళ ప్రారంభించినట్లు సమాచారము."

గున్నేశ్వరరావు నా వైపు చూశాడు. నేను చెంబు వైపు చూశాను.

"మినహాయింపు ఏమైనా ఉందా?" అన్నాను.

"నిషేధము ప్రయాణికులకు మాత్రమే. ప్రయాణికుడు కానివారు నియమావళి పరిధిలోనికి రారు. అయితే ప్రయాణికుడు కానివారు రైలులో ఉండరు."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. నమస్కారం చెప్పి రైలెక్కాను.

"మీరేం దిగులెట్టుకోకండి బావగారూ," అన్నాడు గున్నేశ్వరరావు వెనకే వస్తూ. "పద్ధతి మీద నడిచే మనిషండీ ఆయన. అలాంటోళ్లతోనే పనవుద్ది. వంతెన కాడికొచ్చాక నేను మాటాడతాను గదండీ."

మా ఎదుటి సీట్లో గోగో ఎస్నాత్ కూర్చుని ఉంది. గోగో అంటే అవ్వ. ఆ దారిలో ఎండు చేపలు అమ్ముకునే మనిషి. మమ్మల్ని ఎన్నేళ్లుగానో ఎరుగును.

"టీచా, మిసెస్ టీచా ఏదీ?" అంది.

నేను చెంబు మీద చేయి వేశాను.

ఆమె కాసేపు చెంబునే చూసింది. "చిన్నదైపోయింది," అంది. తర్వాత తన చేపల మూట పక్కకు లాగింది. "కిటికీ వైపు కూర్చోబెట్టు. ఆమె ఎప్పుడైనా ఇటు కూర్చుందా?"

నేను చెంబును కిటికీ వైపు పెట్టి పక్కన కూర్చున్నాను.

రైలు బయలుదేరింది. ఊరు దాటాక ఇక అంతా ముళ్లచెట్లు, ఎర్రమట్టి, ఎక్కడో ఒక చీమలపుట్ట. కొంతదూరం పోయాక ఈల వినిపించింది, రైలు ఆగింది. ఇద్దరు మనుషులు బోర్డు మోసుకొచ్చి పట్టాల పక్కన పాతారు. కసుంబా అని ఉంది. బెంచీ దించారు. చుట్టూ నాలుగు రాళ్లు ఏరి సున్నం కొట్టారు. గంట మోగింది.

"కసుంబా. సరిగ్గా వేళకు," అన్నారు ముదెండా గారు పెట్టె పెట్టెకూ తిరుగుతూ.

"చూశారా బావగారూ," అన్నాడు గున్నేశ్వరరావు గడియారం చూసుకుని. "ముల్లు ముల్లు మీద ఉందండీ. మా ఫ్యాక్టరీలో ఇలాంటి మనిషి ఒక్కడుంటేనా."

మా పెట్టెలో సైలస్ అనే ఆయన మొక్కజొన్నల మూట భుజానికెత్తుకుని మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆయనది కసుంబా.

"ఇది కసుంబా కాదు," అన్నాడు.

"బోర్డు చదువుకొనుడు."

"కసుంబాలో చర్చి ఉండాలి. మా ఇల్లుండాలి."

"చర్చి మతసంస్థల పరిధి. ఇల్లు మీ పరిధి. రైల్వే బాధ్యత స్టేషను వరకే."

"మా ఆవిడ స్టేషన్లో ఎదురుచూస్తూ ఉంటుంది అయ్యా."

ముదెండా గారు అటూ ఇటూ పరికించారు. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. అప్పటికే బెంచీ మీద ఎక్కి కూర్చున్న కొండముచ్చు తప్ప.

"అయితే వారు ఆలస్యముగా వచ్చుచున్నారన్నమాట," అన్నారాయన. "అది రైల్వే ఆలస్యము కిందికి రాదు." సైలస్ దగ్గర టికెట్టు తీసుకున్నారు.

రైలు కదలగానే సైలస్ మూటతో సహా రెండో తలుపులోంచి ఎక్కి తన చోట కూర్చున్నాడు. ఆయన కసుంబా చేరిపోయాడు కాబట్టి ఇక్కడ లేడు. టీ బండి వచ్చినప్పుడు మాత్రం చిక్కొచ్చింది. ప్రయాణికులకే టీ అని వాడికి ఆజ్ఞ. లేని మనిషికి టీ ఎలా పోస్తాడు? గోగో రెండు టీలు కొని ఒకటి సైలస్ కూర్చున్న వైపు పెట్టింది. "అక్కడ ఎవరూ లేరు కదా, చల్లారుతుంది, పెట్టనీ," అంది టీ బండివాడితో.

మధ్యాహ్నానికి అసలు కసుంబా వచ్చింది. చర్చి ఉంది. ప్లాట్‌ఫారం మీద గొడుగు వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. రైలు ఆగలేదు. అప్పుడు నాకు సూత్రం పూర్తిగా అర్థమైంది. ఒక స్టేషన్లో ఒకసారి ఆగిన రైలు అదే స్టేషన్లో మళ్లీ ఎందుకు ఆగుతుంది?

అయితే డ్రైవరు, ఇంజనుకు హఠాత్తుగా నీరసం వచ్చినట్టు నడిపాడు. పక్కన మేక కూడా దాటిపోగల వేగం. సైలస్ మూట కిటికీలోంచి తోసి, తలుపులోంచి దూకి, నాలుగడుగులు పరుగెత్తి నిలదొక్కుకున్నాడు. గొడుగు ఆవిడ ఏదో అంటూ ఆయన వెంట పరుగెత్తింది. స్వరాన్ని బట్టి అది స్వాగతం కాదు.

"ఈ డ్రైవరు మంచి పిల్లాడు," అంది గోగో. "నా చేపలు తిని పెరిగాడు."

గున్నేశ్వరరావు గడియారం చూడలేదు. "బావగారూ," అన్నాడు కొంచెంసేపటికి, "వంతెన కూడా ఇలాగేనాండీ?"

నేను అప్పటికే అదే ఆలోచిస్తున్నాను. కదిలే రైల్లోంచి నాణెం వేస్తే నీళ్లలో పడుతుంది. బూడిద పడదు. గాలి వెనక్కి తెచ్చి ఇనప కమ్మీల మీద, రైలు పెట్టెల మీద చల్లుతుంది. రైలు ఆగాలి. దిగి అంచుదాకా నడవాలి. నేను మాట ఇచ్చింది ఇనప కమ్మీలకు కాదు.

కాలపట్టికలో వంతెన వేళ ఆ సాయంత్రమే ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు. ఈల వినిపించింది. రైలు ముళ్లచెట్ల మధ్య ఆగింది. ఇద్దరు మనుషులు పెద్ద బోర్డు మోసుకొచ్చి పాతారు. దాని మీద నది అని ఉంది.

"వంతెన. కిటికీలు," అంటూ గార్డులు పెట్టెల వెంట నడిచి చెక్క తలుపులన్నీ దించారు. ఇనప పెట్టె కాసేపట్లో రొట్టెల పొయ్యిలా కాగింది. వంతెన పొడవైనది కావడం వల్ల చాలాసేపు దాటవలసి వచ్చింది, కదలకుండా. గోగో తన వైపు చెక్క రెండు వేళ్ల మేర పైకెత్తి, తింటున్న వేరుశనగ పొట్టు బయటికి ఊదింది. చెక్క సందులోంచి ఒక మేక లోపలికి చూసింది.

ముదెండా గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "నదిలో వ్యర్థములు పారవేయుట శిక్షార్హము."

"అయితే ముందు ఆ మేకను బయటికి తియ్యి," అంది గోగో. "మునిగిపోతోంది."

"మేక పశుసంవర్ధక శాఖ పరిధి."

గున్నేశ్వరరావు లేచి నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఆయ్, ఇదే నదంటున్నారు గదండీ. మరి నీళ్లేవండీ?"

"నీళ్లు జలవనరుల శాఖవి. రైల్వే నదిని మాత్రమే సమకూర్చును."

"సరేనండీ. ఇదే నది అనుకుందాం. అయితే మా అక్కని ఇక్కడే కలిపెయ్యమంటారా?"

"ఎట్లు కుదురును? వంతెనపై నిషేధమని ఉదయమే మనవి చేసితిని."

గున్నేశ్వరరావు లెక్కలవాడు. రెండు వైపులా సున్నా రావడం అతనికి కొత్త కాదు. ఆ సున్నాలో అక్క ఉండటం కొత్త. కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడని ముదెండా గారు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నట్టు కూర్చున్నాను.

బడిలో నాకొక అలవాటు ఉండేది. పిల్లవాడు తప్పు జవాబు చెబితే వెంటనే దిద్దను. ఆ జవాబు మీదే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను.

"ముదెండా గారూ, మనం వంతెన దాటేశామా?" అన్నాను.

ఆయన ఒక గడియారం చూసి రెండోదాంతో సరిపోల్చారు. "ఇప్పుడే దాటితిమి."

"మళ్లీ దాటుతామా?"

"ఒక ప్రయాణములో ఒక రైలు ఒక వంతెనను ఒకేసారి దాటును. ఉపాధ్యాయులు, మీకు తెలియనిదా?"

"కృతజ్ఞుణ్ణి," అన్నాను.

కిటికీలు తెరిచారు. మేక ఇంకా అక్కడే ఉంది, నది ఆవలి ఒడ్డున.

మర్నాడు పొద్దున చివరి స్టేషను లుసెంగా వచ్చింది. లుసెంగా పెద్ద నగరం కాబట్టి బోర్డు ఒక్కటే సరిపోదు. వెనక పెట్టెలోంచి స్వాగత సంఘం దిగింది. ఆ సంఘం మాతోనే ప్రయాణం చేసిందని అప్పుడు తెలిసింది. బాకా ఊదే ఆయన ఒకడు, డప్పు ఆయన ఒకడు, ఫొటో తీసే ఆయన ఒకడు, ఉపన్యాసం చేసే పెద్దమనిషి ఒకడు. ముళ్లపొదల మధ్య రిబ్బను కట్టారు. ముదెండా గారికి కాగితప్పూల దండ వేశారు. ఎన్నో రాకలు చూసిన దండ.

"ఈ చారిత్రక ప్రభాతవేళ," అన్నాడు పెద్దమనిషి, "ఈ మహానగర పౌరుల తరఫున, ఒక్క క్షణమైననూ ఆలస్యము చేయక విచ్చేసిన మీకు స్వాగతము. అభివృద్ధి చెందిన దేశములందు కూడ రైళ్లు ఆలస్యమగుచున్నవి. మనయందు కావు."

మహానగర పౌరులలో మాకు కనిపించినవాళ్లు రెండు గినీ కోళ్లు.

"ఈ మహానగరంలో మంచినీళ్లెక్కడ దొరుకుతాయి?" అంది గోగో.

"పురపాలక సంఘం పరిధి," అన్నాడు గున్నేశ్వరరావు, ఎవరూ అడక్కుండానే. పద్ధతి అతనికి వంటబట్టింది.

అందరి టికెట్లూ తీసుకున్నారు. ఫొటో తీశారు. ప్రయాణం ముగిసిందని ముదెండా గారు ఈల ఊదారు. జనం మూటలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఎటు చూసినా ముళ్లచెట్లే.

"ఇప్పుడు ఈ రైలు ఎక్కడికి పోతుంది?" అని ముదెండా గారిని అడిగాను.

"షెడ్డుకు. ఖాళీ రైలు."

"షెడ్డు ఎక్కడ?"

ఆయన కొంచెం తటపటాయించారు. "లుసెంగాలో."

నిపుణులు షెడ్డు సంగతి మరిచిపోయారు. స్టేషను బోర్డు కదులుతుంది, షెడ్డు కదలదు. ఇంజను రాత్రికి అక్కడ పడుకోవాలి. కాబట్టి ప్రతి రైలూ చివరి స్టేషను చేరాక, మిగిలిన దూరమంతా ఖాళీగా నడిచి చివరి స్టేషను చేరేది.

ఖాళీ రైలు నిమిషంలో నిండిపోయింది. గోగో మాత్రం వెంటనే ఎక్కలేదు. ఎండు చేపల పొట్లం ఒకటి కట్టి, ఇంజను దాకా నడిచి వెళ్లి, డ్రైవరుతో కాసేపు మాట్లాడి వచ్చింది.

"ఏం చెప్పావు?" అన్నాను.

"చేపల ధర చెప్పాను," అంది.

రైలు కదిలాక ముదెండా గారు మా పెట్టెలోకి వచ్చారు. దండ లేదు. కోటు విప్పి చేతి మీద వేసుకున్నారు. కోటు లేకుండా ఆయన మా డ్రిల్లు మాష్టారులా ఉన్నారు.

"మీరు లుసెంగాలో దిగిపోయారు గదండీ," అన్నాడు గున్నేశ్వరరావు.

"దిగాను," అన్నారాయన. "మా ఇల్లు షెడ్డు పక్కన." ఆ మాటలు మామూలు మనిషి మాటల్లా ఉండటం వల్ల మేం ముగ్గురం కొంచెం ఉలిక్కిపడ్డాం.

చోటు కోసం చూశారు. కిటికీ పక్కన చెంబు ఉంది. దాన్ని జరపమని అనలేదు. సీటు చివర ఒదిగి కూర్చున్నారు. గోగో ఆయన చేతిలో వేరుశనగలు పోసింది. పొట్టు ఆయనే బయటికి ఊదుకున్నారు.

చాలాదూరం పోయాం. ముళ్లచెట్లు పలచబడి తాటిచెట్లలాంటివి కనిపించడం మొదలైంది. గాలి మారింది. గోదావరి దగ్గర పడినప్పుడు కూడా గాలి ఇలాగే ముందు వచ్చి చెబుతుంది. సీతారత్నం ఇక్కడే జడ ముందుకు వేసుకుని కిటికీ వైపు జరిగేది. పెట్టెలో చిల్లర చప్పుడు వినిపించింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు జేబుల్లో, కొంగుముడుల్లో వెతుక్కుంటున్నారు.

చక్రాల చప్పుడు మారింది. ఇనుము మీద ఇనుము. కమ్మీల మధ్యనుంచి నీళ్లు కనిపించాయి, వెడల్పుగా, మట్టిరంగుగా, ఆవలి ఒడ్డు పొగలా. గార్డులు వంతెన కోసం కిటికీలు నిన్ననే మూసి తెరిచారు కాబట్టి ఎవరూ వాటి జోలికి రాలేదు.

వంతెన నడిమధ్యలో రైలు ఆగింది.

ముదెండా గారు లేచారు. చేయి ఈల కోసం వెళ్లింది. "రైలు ఎందుకు ఆగినది? వంతెన మీద రైలు ఆగరాదు."

"ఏ వంతెన అండీ?" అన్నాడు గున్నేశ్వరరావు. వెటకారం లేదు. నిజంగా అడిగినట్టే అడిగాడు.

ముదెండా గారు బయటికి చూశారు. నా వైపు చూశారు.

"మనం వంతెన నిన్న సాయంత్రమే దాటాం," అన్నాను. "పొద్దున్న లుసెంగా చేరాం. మీకు దండ వేశారు."

ఆయన ఒక గడియారం చూశారు. రెండోది చూశారు. రెండూ ఆయనకు ఏ సాయమూ చేసినట్టు లేదు.

"ప్రయాణికులు..." అని మొదలుపెట్టారు.

"ఇక్కడ ప్రయాణికులెవరూ లేరు. టికెట్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి."

ఈల నోటిదాకా వెళ్లి ఆగింది. ఈల ఊదితే ఇక్కడొక రైలుందని చెప్పినట్టు. రైలుంటే అది ఆలస్యంగా నడుస్తున్నట్టు. ఆయన ఈల వదిలేశారు. అది బొత్తాం లేని చొక్కా మీద కాసేపు ఊగింది.

నేను చెంబు తీసుకున్నాను. గున్నేశ్వరరావు ముందు దిగి చేయి అందించాడు. కమ్మీ పక్కన నడవడానికి సన్నటి చెక్కబాట ఉంది. అంచుదాకా నడిచాం. తెల్లగుడ్డ ముడి గట్టిగా బిగుసుకుంది. నేనే కట్టాను, భయంతో రెండు ముళ్లు వేశాను. గున్నేశ్వరరావు పళ్లతో లాగి విప్పాడు.

మంత్రాలు నాకు పూర్తిగా రావు. వచ్చినంత చెప్పాను. గాలి ఆ కాసేపు మమ్మల్ని పట్టించుకోలేదు. చెంబు వంచాను. తక్కువ బరువున్నదే ముందు వెళ్లింది.

"ఎళ్లిరా అక్కా," అన్నాడు గున్నేశ్వరరావు. పోయేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం ఆవిడ పని. నాకెప్పుడూ రాలేదు.

వెనక కిటికీలన్నిటి నుంచీ నాణేలు పడ్డాయి. ఎండలో ఒకసారి మెరిసి కనిపించకుండా పోయాయి. గోగో తన నాణేన్ని ముందు పెదవులకు తాకించి వేసింది.

తిరిగి వస్తుంటే పెట్టె మెట్టు మీద ముదెండా గారు నిలబడి ఉన్నారు. అరచేతిలో నాణెం ఒకటుంది. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూశారు. అందరూ చూస్తున్నారు.

"ఏ చేత్తో వేయాలి?" అని మెల్లగా అడిగారు.

"కుడి చేత్తో," అన్నాను.

అసలు లుసెంగా చేరేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర ఉద్యోగి మమ్మల్ని ఆపి టికెట్లడిగాడు. "పొద్దున్నే ఇచ్చేశాం," అన్నాం. "అవును, ఆ రైలు పొద్దున్నే వచ్చింది," అని ఒప్పుకుని, "మరి మీరెవరు?" అన్నాడు. ముదెండా గారు కోటు తొడుక్కుని ముందుకు వచ్చి, "వీరు ఇచ్చట లేరు," అన్నారు. గేటు ఉద్యోగి పక్కకు జరిగాడు. మేం ఒక్కొక్కరం బయటికి వెళ్లిపోయాం.

ఆ ఏడాది మా రైల్వేకి సమయపాలనలో పెద్ద బహుమతి వచ్చింది. నిపుణులు ఇంకో ఖండానికి వెళ్లారు. బహుమతి సభలో, ఒక్క రైలూ ఆలస్యం కాలేదని, వంతెన మీద ఏ ప్రయాణికుడూ ఏ వస్తువూ జారవిడవలేదని ప్రకటించారు. రెండూ నిజమే. సాక్ష్యానికి నన్ను పిలిచినా అదే చెబుతాను.

తిరుగు ప్రయాణంలో నేనొక్కడినే. గున్నేశ్వరరావు సెలవు అయిపోయి లుసెంగా నుంచే ఫ్యాక్టరీ బస్సెక్కాడు. దారిలో వేళ కాగానే, కొండరాళ్ల మధ్య నది వచ్చింది. బోర్డు పాతారు, కిటికీలు మూశారు, దాటించారు, తెరిచారు. ముదెండా గారు మా పెట్టె దాటుతూ నన్ను చూసి టోపీ కొంచెం పైకెత్తారు.

కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. నేను ఇటు వైపే కూర్చుని, జేబులో నాణెం పట్టుకుని, గాలి మారడం కోసం చూస్తూ ఉన్నాను. నది చాలా ఆలస్యంగా వచ్చింది. నాకిప్పుడు తొందరేమీ లేదు.